మార్కుల పట్టికలో కనిపించినది: వెన్నెరోస్, వోల్డ్ పత్రంపై ఒక విమర్శ

పరిశోధన గ్రాంట్ల మంజూరులో స్త్రీపురుష సమానత్వం గురించి రాసేవారిలో చాలామంది ఒక చిన్న పత్రం దగ్గర తప్పక ఆగుతారు. 1997 మే 22న 'నేచర్' పత్రికలో వచ్చిన ఆ పత్రం నిడివి మూడు పుటలు. రాసినవారు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు మహిళలు, క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్. దాని శీర్షికను తెలుగులో 'తోటి నిపుణుల సమీక్షలో ఆశ్రితపక్షపాతం, లింగవివక్ష' అని చెప్పుకోవచ్చు. శీర్షికలో రెండు దోషాల పేర్లున్నాయని గమనించండి. తరువాతి కాలంలో ఈ పత్రాన్ని ఉదహరించినవారు ఎక్కువగా రెండో దోషాన్నే పట్టుకున్నారు. మొదటిది వెనకబడిపోయింది.

ఈ పత్రం పేరు వినని విద్యార్థి కూడా అందులోంచి పుట్టిన ఒక వాక్యాన్ని ఎక్కడో ఒకచోట వినే ఉంటాడు: 'పురుషుడితో సమానమైన గుర్తింపు రావాలంటే స్త్రీ రెండున్నర రెట్లు ఎక్కువ పని చేయాలి.' ఇప్పుడది దాదాపు సామెత అయిపోయింది. పరీక్షల్లో జవాబుగా రాస్తే మార్కులూ పడతాయి. అయితే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, దేన్ని కొలిచి చెప్పింది, ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నలు అడగకుండా దాన్ని వాడుకోవడం పత్రానికీ న్యాయం కాదు, సమానత్వం కోరేవారికీ మేలు చేయదు. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలు అడుగుదాం.

గ్రాంటుకు దారి

పరిశోధన గ్రాంటు అనగానే పెద్ద ప్రయోగశాల, ఖరీదైన యంత్రాలు గుర్తొస్తాయి. చాలామంది పరిశోధకులకు మొదటి గ్రాంటు అంత పెద్దది కాదు. పిహెచ్.డి. పూర్తయ్యాక రెండు మూడేళ్లు జీతం తీసుకుంటూ సొంతంగా పరిశోధన చేసుకునే అవకాశం, అంటే పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్, అదే ఆ మొదటి మెట్టు. అది దొరికినవారు పత్రాలు ప్రచురిస్తారు. ఆ పత్రాలు చూపించి తరువాతి గ్రాంటు, ఆపైన అధ్యాపక పదవి అడుగుతారు. అది దొరకనివారిలో చాలామంది పరిశోధన వదిలి వేరే ఉద్యోగం చూసుకుంటారు. కాబట్టి ఈ మెట్టు దగ్గర జరిగే చిన్న పొరపాటు తరువాతి ఇరవై ఏళ్ల లెక్కల్లో కనిపిస్తుంది.

ఎవరికి ఇవ్వాలో నిర్ణయించేది సాధారణంగా అదే రంగంలోని పేరున్న నిపుణులు. దీన్నే తోటి నిపుణుల సమీక్ష, లేదా పీర్ రివ్యూ అంటారు. ఈ పద్ధతి మీద శాస్త్రలోకానికి గట్టి నమ్మకం ఉంది. దరఖాస్తుదారుని కులం, దేశం, స్త్రీపురుష భేదం చూడకుండా పని నాణ్యతను మాత్రమే చూస్తారని ఆ నమ్మకం. కానీ సమీక్షకులు వేసిన మార్కులు రహస్యంగా ఉండటం వల్ల ఆ నమ్మకాన్ని పరీక్షించే వీలు బయటివారికి ఉండేది కాదు.

స్వీడన్ పరిస్థితి చూడండి. స్త్రీపురుషుల సమాన అవకాశాల విషయంలో ప్రపంచంలోనే ముందున్న దేశమని ఐక్యరాజ్యసమితి గుర్తించినది ఆ దేశాన్నే. అక్కడ జీవవైద్య శాస్త్రాల్లో పిహెచ్.డి. పొందేవారిలో 44 శాతం స్త్రీలు. పోస్ట్‌డాక్టోరల్ స్థానాలకు వచ్చేసరికి వారి వాటా 25 శాతానికి, ప్రొఫెసర్ పదవుల దగ్గర 7 శాతానికి పడిపోయేది. ఈ తగ్గుదలకు అప్పట్లో తరచుగా చెప్పే కారణాలు రెండు. స్త్రీలకు పిల్లలు, ఇల్లు ముఖ్యం, అందువల్ల వారే తప్పుకుంటారని ఒకటి. వారి ప్రచురణలు తక్కువ కాబట్టి మార్కులు తక్కువ వస్తాయని మరొకటి. మొదటిది ఈ పత్రం పరిధిలోకి రాదు. రెండోది అంకెలతో తేల్చగలిగిన విషయం. వెన్నెరోస్, వోల్డ్ పట్టుకున్నది దాన్నే.

తెరిచిన తలుపు

ఈ పరిశోధన సాధ్యం కావడానికి కారణం ఒక చట్టం. ప్రభుత్వ సంస్థల దగ్గరున్న పత్రాలను పౌరులు చూడవచ్చన్న హక్కును స్వీడన్ తన పత్రికా స్వేచ్ఛ చట్టం ద్వారా 1766లోనే ఇచ్చింది. అయినా సమీక్షకుల మార్కులు ఆ కోవలోకి రావని స్వీడిష్ వైద్య పరిశోధన మండలి మొదట వాదించింది. విషయం కోర్టుకు వెళ్లింది. ఆ మార్కులు ప్రభుత్వ పత్రాలేనని, చూపించక తప్పదని తీర్పు వచ్చింది. అలా 1995లో పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌లకు దరఖాస్తు చేసిన 114 మంది మార్కులు పరిశోధకుల చేతికి వచ్చాయి. ఒక పెద్ద బృందానికి సమీక్షకులు వేసిన అసలు మార్కుల పట్టికలను ఇలా బయట పరిశీలించడం తమకు తెలిసినంతవరకు ఇదే మొదటిసారని రచయిత్రులు రాశారు. పత్రంలో దీనికి కొన్ని వాక్యాలే కేటాయించారు. నా దృష్టిలో పత్రం విలువలో సగం అక్కడే ఉంది.

ఆ 114 మందిలో పురుషులు 62, స్త్రీలు 52. ఇచ్చిన ఫెలోషిప్‌లు 20. అందులో 16 పురుషులకు, 4 స్త్రీలకు వెళ్లాయి. అంటే పురుషుల్లో సుమారు నలుగురిలో ఒకరికి దక్కితే, స్త్రీలలో పదమూడు మందిలో ఒకరికి దక్కింది. ఇక్కడితో ఆగి 'వివక్ష' అని తేల్చేసి ఉంటే ఈ పత్రాన్ని ఈపాటికి అందరూ మరిచిపోయేవారు. ఫలితాల్లో తేడా ఉందంటే కొలబద్ద వంకరగా ఉందని నేరుగా అర్థం కాదు. దరఖాస్తుల నాణ్యతలోనే తేడా ఉండవచ్చు కదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దానికి జవాబు చెప్పాలంటే మార్కులు ఎలా వేస్తారో ముందు చూడాలి.

మండలికి 11 కమిటీలు ఉండేవి. దరఖాస్తును చూసిన ఐదుగురు సమీక్షకుల్లో ప్రతి ఒక్కరూ మూడు అంశాలకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు వేస్తారు: దరఖాస్తుదారుని శాస్త్రీయ సామర్థ్యం, పరిశోధన పద్ధతి నాణ్యత, ప్రతిపాదనకున్న ప్రాసంగికత. తరువాత ఈ మూడు మార్కులను కలపరు, హెచ్చవేస్తారు. కాబట్టి ఒక సమీక్షకుడు ఇవ్వగలిగిన గరిష్ఠం 64. ఐదుగురి లబ్ధాల సగటే తుది మార్కు. ఆ మార్కు వరసలో పైన ఉన్న ఒకరు, ఇద్దరు, ముగ్గురిని ప్రతి కమిటీ నుంచి తీసుకుంటారు.

స్త్రీలకు మూడు అంశాల్లోనూ సగటు మార్కు తక్కువ వచ్చింది. సామర్థ్యంలో 0.25, పద్ధతిలో 0.17, ప్రాసంగికతలో 0.13 తేడా. చూడటానికి చిన్న తేడాలే. ఒక సమీక్షకుడి మనసులో ఇవి పావు మార్కు కూడా దాటని సందేహాలు. 'మంచిదే గానీ, అంత మంచిదా?' అన్నంత. అయితే హెచ్చవేయడం వల్ల ఏమవుతుందో మీరే కాగితం మీద వేసి చూడండి. ఊహకు ఒక పురుషుడికి మూడింటిలోనూ 2.5 వచ్చిందనుకుందాం. లబ్ధం సుమారు 15.6. పై తేడాలు తీసేసి 2.25, 2.33, 2.37 అని హెచ్చిస్తే సుమారు 12.4 వస్తుంది. మూడు మార్కులకు పైగా, అంటే దాదాపు అయిదో వంతు పోయింది. అసలు పట్టికలో కూడా పురుషుల తుది సగటు 17.0, స్త్రీల సగటు 13.8. పై వరసలో ఒకరిద్దరికే చోటున్న పోటీలో అంత తేడా చాలు. దురుద్దేశం ఉన్న సమీక్షకుడు ఒక్కడు కూడా లేకుండానే ఇలాంటి ఫలితం రావచ్చు. పత్రాన్ని చదివేవారు ఈ హెచ్చవేత మీద దృష్టి పెట్టకుండా దాటిపోతుంటారు. దరఖాస్తు విధానాలు తయారుచేసేవారు మాత్రం మొదట చూడవలసింది దీన్నే.

రెండున్నర రెట్లు

ఇక పత్రంలోని ముఖ్యభాగం. మూడు అంశాల్లో సామర్థ్యం అనేదాన్ని మాత్రమే రచయిత్రులు తూకానికి తీసుకున్నారు. దానికి కారణం ఉంది. ప్రతిపాదన ప్రాసంగికమా కాదా అన్నది బయటి నుంచి తేల్చలేం. సామర్థ్యం మార్కుకు మాత్రం ఆధారం దరఖాస్తుదారుని గత ప్రచురణలే. వాటిని లెక్కపెట్టవచ్చు. మొత్తం పత్రాలు, మొదటి రచయితగా రాసిన పత్రాలు, అవి వచ్చిన జర్నళ్ల స్థాయి, ఇతరులు వాటిని ఉదహరించిన సంఖ్య ఇలా ఆరు రకాల కొలతలు వేశారు. జర్నల్ స్థాయికి 'ఇంపాక్ట్ పాయింట్లు' వాడారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1 ఉన్న జర్నల్‌లో ఒక పత్రం ప్రచురిస్తే ఒక పాయింటు అన్నమాట.

ఫలితం ఇది. నూరు పాయింట్లు దాటిన, అంటే అత్యధికంగా ప్రచురించిన స్త్రీల బృందానికి మాత్రమే పురుషులతో పోల్చదగిన సామర్థ్యం మార్కు వచ్చింది. అది కూడా ఏ పురుషులతో? ఇరవై పాయింట్లు కూడా లేని, అతి తక్కువ ప్రచురించిన పురుషుల బృందంతో. మిగతా స్త్రీలంతా అంతకన్నా కిందే. నన్నడిగితే విద్యార్థులు గుర్తుపెట్టుకోవలసింది ఈ పోలికను. ఇందులో గణిత నమూనా ఏమీ లేదు, రెండు బృందాలను పక్కపక్కన పెట్టి చూపించారంతే.

తరువాత ప్రతిగమన విశ్లేషణ చేశారు. ఒక ఫలితం మీద అనేక కారణాల ప్రభావాన్ని విడదీసి చూసే గణిత పద్ధతి ఇది. దరఖాస్తుదారుని జాతీయత, చదువు, రంగం, విశ్వవిద్యాలయం, ఏ కమిటీ చూసింది, విదేశాల్లో పనిచేశారా, సిఫారసు లేఖ ఉందా అన్నవన్నీ లెక్కలోకి తీసుకున్నారు. చివరికి ప్రచురణలు కాక సామర్థ్యం మార్కును ప్రభావితం చేసినవి రెండే అని తేలింది: దరఖాస్తుదారు స్త్రీయా పురుషుడా అన్నది, కమిటీ సభ్యుల్లో ఎవరితోనైనా సంబంధం ఉందా అన్నది. స్త్రీ అయినందువల్ల కలిగే లోటు పూడాలంటే సుమారు 64 ఇంపాక్ట్ పాయింట్లు అదనంగా కావాలి. 'నేచర్' లేదా 'సైన్స్' వంటి పత్రికల్లో మూడు పత్రాలు, లేదా మంచి ప్రత్యేక రంగ జర్నళ్లలో ఇరవై పత్రాలు ఎక్కువ రాయడంతో అది సమానం. దరఖాస్తుదారులందరి సగటు 40 పాయింట్లు. వాటికి 64 కలిపితే 104. దీన్ని 40తో భాగిస్తేనే ఆ రెండున్నర రెట్లు వచ్చింది.

లెక్క తప్పని నేను అనడం లేదు. కానీ దాన్ని సామెతగా వాడటం సరికాదంటాను. ఈ నమూనా ప్రకారం లోటు ఎప్పుడూ 64 పాయింట్లే. పోల్చుకునే పురుషుడికి 20 పాయింట్లుంటే స్త్రీకి 84 కావాలి, అంటే నాలుగు రెట్లకు పైగా. అతనికి 100 ఉంటే ఆమెకు 164, అంటే రెండు రెట్లు కూడా కాదు. 'రెండున్నర' అన్నది సగటు దగ్గర తీసిన ఒక్క కొలత. 1995లో, ఒక దేశంలో, ఒక సంస్థకు, ఒక విడతలో వచ్చిన 114 దరఖాస్తులకు చెందిన కొలత. దాన్ని అన్ని దేశాలకు, అన్ని రంగాలకు, అన్ని కాలాలకు తగిలించడం శాస్త్రీయం కాదు. అలా తగిలించినందువల్ల ఒక నష్టం కూడా ఉంది. రేపు ఇంకో చోట తేడా రెండున్నర కాదు, పదో వంతే అని తేలితే 'చూశారా, వివక్ష లేదు' అనేవారికి అవకాశం ఇచ్చినట్లవుతుంది.

పత్రానికి మరో బలహీనత ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఒక జర్నల్‌లో సగటు పత్రాన్ని ఎందరు ఉదహరించారో అది చెబుతుంది. అందులో ఈ ప్రత్యేక పత్రం విలువెంతో చెప్పదు. రచయిత్రులు ఉదహరింపుల సంఖ్యను కూడా విడిగా చూశారు కాబట్టి ఈ ఆక్షేపణ తీవ్రత కొంత తగ్గుతుంది. అయితే ఈ బలహీనత రచయిత్రుల వాదనకు వ్యతిరేకంగానే పనిచేస్తుందని అనుకోనక్కరలేదు. జర్నళ్లలో పత్రాలను అంగీకరించేదీ తోటి నిపుణులే. అక్కడ కూడా స్త్రీలకు అదే తూకం ఎదురైతే, వారి ఇంపాక్ట్ పాయింట్లు అప్పటికే తగ్గి ఉంటాయి. అప్పుడు అసలు లోటు పత్రం చెప్పినదానికంటే ఎక్కువే అవుతుంది. వంకర గజంబద్దతో కొలిచిన గుడ్డను మళ్లీ అదే గజంబద్దతో సరిచూడటం లాంటిది ఇది.

మరిచిపోయిన సగం

'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదు' అంటారు మనవాళ్లు. శాస్త్రలోకం ఈ సంగతి ఎరగనిది కాదు. అందుకే స్వీడిష్ మండలిలో ఒక నియమం ఉండేది. దరఖాస్తుదారుతో సంబంధం ఉన్న కమిటీ సభ్యుడు ఆ దరఖాస్తుకు మార్కు వేయకూడదు. పిహెచ్.డి. పర్యవేక్షకుడు, కలిసి పనిచేసినవాడు వంటివారు పక్కకు తప్పుకోవాలి. నియమాన్ని పాటించారు కూడా. మనవాడు గరిటె కింద పెట్టి పక్కన నిలబడ్డాడు.

అయినా, సంబంధం ఉన్న దరఖాస్తుదారులకు సామర్థ్యంలో 0.22 మార్కు ఎక్కువ వచ్చింది. వేసింది సంబంధం లేని మిగతా సభ్యులే! 67 ఇంపాక్ట్ పాయింట్లకు సమానమైన లాభం అది. స్త్రీ అయినందువల్ల కలిగే నష్టానికి దాదాపు సరిసమానం. పత్రంలో నాకు అన్నింటికన్నా ఎక్కువ ఆలోచింపజేసేది ఈ ఫలితమే. పక్కన నిలబడ్డవాడి ముఖం చూసి మిగతావారు వడ్డించారు. ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి ఉండకపోవచ్చు. 'ఆయన దగ్గర పనిచేసిన కుర్రాడు కదా, గట్టివాడే అయి ఉంటాడు' అనుకోవడం చాలు.

ఈ రెండు దోషాలను కలిపి చదివితే ఒక విషయం తేటపడుతుంది. స్త్రీ అయి, కమిటీలో తెలిసినవారు ఉన్న దరఖాస్తుదారుకు లాభనష్టాలు దాదాపు చెల్లుకు చెల్లు. స్త్రీ అయి, ఎవరూ తెలియని దరఖాస్తుదారు ఆశ వదులుకోవలసిందే, ఆమె ప్రచురణలు అసాధారణమైతే తప్ప. పరిచయాల వలయంలోకి ఎవరికి ముందుగా ప్రవేశం దొరుకుతుందన్న ప్రశ్న అందువల్ల స్త్రీపురుష సమానత్వపు ప్రశ్నే. పెద్ద నగరంలోని పేరున్న సంస్థలో కాక చిన్న కళాశాలలోనో, దూరవిద్యలోనో చదివి పైకి రావాలనుకునేవారికి ఈ మాట ఎందుకు ముఖ్యమో విడమరచి చెప్పనక్కరలేదు.

2004 నాటి స్వీడిష్ వైద్య పరిశోధన దరఖాస్తులను ఉల్ఫ్ సాండ్‌స్ట్రోమ్, మార్టిన్ హెల్‌స్టెన్ మళ్లీ ఇలాగే పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఈసారి స్త్రీలకు లోటు కనిపించలేదు. సరికదా, సుమారు 10 శాతం అదనపు మార్కు కనిపించింది. పరిచయం ఉన్నవారికి మాత్రం 15 శాతం లాభం అలాగే ఉంది. దీన్ని పట్టుకుని 1997 నాటి పత్రం తప్పని అనేవారున్నారు. నాకలా అనిపించదు. అందరి కళ్లూ పడిన దోషం మారింది, ఎవరూ పట్టించుకోని దోషం మిగిలింది అని చదవడం ఎక్కువ సబబు. ఒక పత్రం తాను వర్ణించిన పరిస్థితిని మార్చడంలో పాలుపంచుకుంటే, తరువాతి కొలత వేరుగా రావడం దాని ఓటమి కాదు.

వ్యక్తికా, పనికా?

తరువాతి అధ్యయనాల్లో రెండింటిని మాత్రం ఇక్కడ చూద్దాం. మొదటిది నెదర్లాండ్స్‌కు చెందినది. 2010 నుంచి 2012 వరకు యువ పరిశోధకుల గ్రాంట్లకు వచ్చిన 2,823 దరఖాస్తులను రోమీ వాన్ డెర్ లీ, నవోమి ఎల్లెమర్స్ పరిశీలించి 2015లో ప్రచురించారు. పురుషుల్లో 17.7 శాతం, స్త్రీలలో 14.9 శాతం సఫలులయ్యారు. ప్రతిపాదన నాణ్యతలో స్త్రీలకు మార్కులు తగ్గలేదు. పరిశోధకురాలిగా నాణ్యత అన్నచోట తగ్గాయి.

వెంటనే బీట్ వోల్కర్, వౌటర్ స్టేన్‌బేక్ అదే పత్రికలో దీనికి జవాబు రాశారు. ఇది సింప్సన్ వైరుధ్యం అన్నారు. సాంఖ్యకశాస్త్రంలో మీకు ఉపయోగపడే భావన కాబట్టి ఊహాత్మక అంకెలతో చూద్దాం. భౌతికశాస్త్రానికి 80 మంది పురుషులు, 20 మంది స్త్రీలు దరఖాస్తు చేశారు. అక్కడ 30 శాతానికి గ్రాంటు వస్తుంది: 24 మంది పురుషులు, 6 మంది స్త్రీలు. సామాజిక శాస్త్రాలకు 20 మంది పురుషులు, 80 మంది స్త్రీలు. అక్కడ వచ్చేది 10 శాతానికే: ఇద్దరు పురుషులు, 8 మంది స్త్రీలు. ఏ రంగంలోనూ వివక్ష లేదు. కలిపి చూస్తే మాత్రం వందమంది పురుషుల్లో 26 మందికి, వందమంది స్త్రీలలో 14 మందికి గ్రాంటు వచ్చినట్లు కనిపిస్తుంది.

ఈ ఆక్షేపణ గట్టిదే. అంకెలను రంగాల వారీగా విడదీయకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదని నేర్పుతుంది. వెన్నెరోస్, వోల్డ్ కమిటీని, రంగాన్ని లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి వారికి ఇది అంతగా తగలదు. అయితే ఆక్షేపించినవారు ఆగినచోట మనం ఆగనక్కరలేదు. స్త్రీలు ఎక్కువగా ఉన్న రంగాలకు డబ్బు ఎందుకు తక్కువ కేటాయిస్తున్నారు? సమీక్షకుడిని నిర్దోషిగా తేల్చాక ప్రశ్న బడ్జెటు రాసినవారి దగ్గరకు వెళుతుంది.

రెండోది కెనడాది. నాకు ఈ చర్చలో అన్నింటికన్నా నమ్మదగినదిగా తోచేది ఇదే. కెనడా ఆరోగ్య పరిశోధన సంస్థలు 2014లో తమ గ్రాంట్లను రెండుగా విడదీశాయి. ఒక రకంలో సమీక్షకులు ప్రధానంగా ప్రతిపాదించిన పరిశోధనను చూస్తారు. మరో రకంలో ప్రధానంగా పరిశోధకుడి స్థాయిని చూస్తారు. సమానత్వాన్ని పరీక్షించడానికి చేసిన మార్పు కాదు ఇది, పాలనాపరమైన మార్పు. కానీ ఎవరూ ప్రయత్నించకుండానే ఒక ప్రయోగం జరిగినట్లయింది. హాలీ విట్‌మన్ బృందం 2011 నుంచి 2016 వరకు వచ్చిన 23,918 దరఖాస్తులను పరిశీలించి 2019లో 'లాన్సెట్'లో ప్రచురించింది. వయసు, రంగం లెక్కలోకి తీసుకున్నాక, పనిని చూసే రకంలో స్త్రీపురుషుల సాఫల్యానికి తేడా 0.9 శాతాంశం. పాత పద్ధతిలోనూ అంతే. వ్యక్తిని చూసే రకంలో 4.0 శాతాంశాలు. మొత్తం దరఖాస్తుల్లో సఫలమయ్యేవి 15.8 శాతమే అని గుర్తుంచుకుంటే నాలుగు అన్నది చిన్న అంకె కాదు.

స్వీడన్‌లో అతి పెద్ద లోటు సామర్థ్యం అంశంలో కనిపించింది. నెదర్లాండ్స్‌లో ప్రతిపాదన దగ్గర కాక పరిశోధకురాలి దగ్గర మార్కు తగ్గింది. కెనడాలో వ్యక్తిని చూడమన్నప్పుడే తేడా పెరిగింది. 'ఏం చేయబోతున్నారు?' అని అడిగినప్పటి కన్నా 'ఈమె ఎంతటిది?' అని అడిగినప్పుడు తూకం వంగుతోంది. 1997 పత్రం నుంచి 'రెండున్నర' అన్న అంకెను వదులుకున్నా ఈ ఆనవాలు మిగులుతుంది. దీన్ని బట్టి చూస్తే, దరఖాస్తు ఫారంలో ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు అన్నది గుమాస్తా పనిగా కనిపించినా, అక్కడే చాలా తేలిపోతుంది.

మన దేశంలో

భారతదేశంలో ఈ సమస్యకు ఎక్కువగా వెతికిన పరిష్కారం ప్రత్యేక పథకాలు. కుటుంబ బాధ్యతల వల్ల పరిశోధనకు దూరమైన స్త్రీలు తిరిగి రావడానికి శాస్త్ర సాంకేతిక శాఖ 2002-03లో మహిళా శాస్త్రవేత్తల పథకం మొదలుపెట్టింది. సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన మండలి 2020లో స్త్రీలకే ప్రత్యేకించి 'సెర్బ్-పవర్' పేరుతో ఫెలోషిప్‌లు, గ్రాంట్లు ప్రకటించింది. జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ వయోపరిమితిలో స్త్రీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు, పిహెచ్.డి. పూర్తి చేయడానికి రెండేళ్ల అదనపు గడువు ఇవ్వవచ్చు.

ఇవన్నీ అవసరమైనవే. మధ్యలో ఆగిపోయిన స్త్రీకి మళ్లీ దారి చూపించే పథకాన్ని తక్కువ చేసి మాట్లాడటం తేలిక, అది లేకపోతే ఆమె ఏమయ్యేదో ఆలోచించడం కష్టం. కానీ ఈ పథకాలు పరిష్కరించే సమస్య ఒకటి, వెన్నెరోస్, వోల్డ్ చూపించిన సమస్య మరొకటి. పథకాలు స్త్రీలకు వేరే వరస ఏర్పాటు చేశాయి. అసలు వరసలో, అంటే స్త్రీపురుషులిద్దరూ పోటీపడే సాధారణ గ్రాంట్లలో, త్రాసు ఎలా ఉందో ఆ పథకాలు చెప్పవు. సరికదా, 'మీకు వేరే పథకం ఉంది కదా' అన్న మాట అసలు వరసలో నిలబడిన స్త్రీకి ఎదురయ్యే ప్రమాదం కూడా ఉంది. స్వీడన్‌లోని ఆ 52 మంది వేరే వరస అడగలేదు. అదే వరసలో అదే మార్కు అడిగారు.

మన దగ్గర సాధారణ గ్రాంట్ల సంగతి తేలాలంటే కావలసిన సమాచారం ఏమిటో 1997 పత్రమే చెబుతోంది. దరఖాస్తు చేసినవారిలో స్త్రీపురుషులు ఎందరు, రంగాల వారీగా ఎంతమందికి మంజూరయింది, ప్రతి అంశానికి సమీక్షకులు వేసిన మార్కులు ఎంత, కమిటీ సభ్యులతో దరఖాస్తుదారులకున్న సంబంధాలు ఏమిటి. మంజూరైనవారి జాబితా ఒక్కటే చాలదు. తిరస్కరించిన దరఖాస్తుల మార్కులు లేకుండా ఈ లెక్క నడవదు. పేర్లు తీసేసి ఆ మార్కులను ప్రచురించవచ్చు, ఎవరి గోప్యతకూ భంగం ఉండదు. ప్రభుత్వ సంస్థలు తమంతట తామే సమాచారం వెల్లడించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. సెర్బ్ బాధ్యతలను 2023 చట్టం ద్వారా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అప్పగించారు. కొత్త సంస్థ కాబట్టి మార్కుల పట్టికలను ఎలా భద్రపరచాలి, ఏ రూపంలో వెల్లడించాలి అన్న నియమాలను మొదట్లోనే రాసుకోవడానికి వీలుంది.